ఇంట్లోనే తక్కువ ఖర్చుతో వాక్యూమ్ సిస్టమ్: పంపు ఎంపిక నుంచి లీకు పట్టుకోవడం దాకా

“కొత్త పంపు. గంట నుంచి నడుస్తోంది. రీడింగ్ ఒకచోట ఆగిపోయింది, కిందికి దిగనంటోంది. పంపు పాడైనట్టేనా?” ఇదే ప్రశ్న రకరకాల మాటల్లో అడుగుతూనే ఉంటారు. ఆరా తీస్తే చాలాసార్లు పంపు నిక్షేపంగా ఉంటుంది. తప్పు సన్నటి పైపులోనో, మూత అంచులోనో, ఛాంబర్‌లో పెట్టిన తడి వస్తువులోనో బయటపడుతుంది. అందుకే ఇక్కడ పంపు గురించి కొంచెమే రాసి, పైపులు, అతుకులు, లీకుల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

మనం కట్టబోయేది నాలుగైదు లీటర్ల ఛాంబర్, అంటే గాలి తీసేసే పాత్ర. దాన్ని 0.1 మిల్లీబార్ కిందికి దించగలిగితే ఇంట్లో చేసుకునే భౌతికశాస్త్ర ప్రయోగాల్లో చాలావాటికి సరిపోతుంది.

1. ఎంత శూన్యం కావాలో ముందు తేల్చుకోండి

సముద్రమట్టం దగ్గర గాలి పీడనం సుమారు 1013 మిల్లీబార్లు. అక్కడి నుంచి కిందికి దిగుతూ ఏ మెట్టు దగ్గర ఏ ప్రయోగం సాగుతుందో చూడండి.

- 300 నుంచి 100 మిల్లీబార్లు: కొద్దిగా ఊదిన బెలూన్ ఉబ్బడం, షేవింగ్ నురగ పొంగడం. చేతి పంపు చాలు.
- 50 నుంచి 20: వేడి చేయకుండానే నీరు మరగడం. 25 డిగ్రీల నీరు సుమారు 32 మిల్లీబార్ల దగ్గర మరుగుతుంది.
- 6 మిల్లీబార్లు, అంతకన్నా కింద: మరుగుతూ మరుగుతూనే నీరు గడ్డకట్టడం.
- 1 నుంచి 0.1: వాయువులో విద్యుత్ పంపితే రంగు వెలుగు రావడం.
- 0.01 పరిసరాల్లో: కాంతి పడితే రెక్కలు తిరిగే రేడియోమీటర్.

ఎలక్ట్రాన్ పుంజాలు, లోహపు పూతలు లాంటివి దీనికి అందవు. వాటికి ఇంకా లోతైన శూన్యం కోసం చేసిన డిఫ్యూజన్ పంపో టర్బో పంపో తోడు కావాలి, అది వేరే కథ.

యూనిట్ల దగ్గర తికమక పడేవాళ్లు చాలామంది. 1 మిల్లీబార్ అంటే 100 పాస్కల్స్, 0.75 టార్, 750 మైక్రాన్లు. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి గేజ్ పక్కన అంటించుకోండి. పంపు డబ్బా మీద మైక్రాన్లు, గేజ్ మీద పాస్కల్స్, పుస్తకంలో టార్ ఉంటాయి. ప్రతిసారీ లెక్క కట్టుకుంటూ కూర్చుంటే ఎక్కడో ఒక సున్నా జారిపోతుంది.

2. పంపు

*చేతి పంపు.* వాహనాల బ్రేకు ఆయిల్ తీయడానికి వాడేది. 150 నుంచి 200 మిల్లీబార్ల దాకా దిగుతుంది. మొదటి ప్రయోగాలకు, చిన్నపిల్లలకు చూపించడానికి ఇది చాలు.

*పాత ఫ్రిజ్ కంప్రెసర్.* బాగుంటే కొన్ని పదుల మిల్లీబార్ల దాకా లాగుతుంది. దాన్ని ఫ్రిజ్ నుంచి మీరే కోసి తీయకండి. లోపల గ్యాస్ ఉంటుంది. కొత్త తరం ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, అంటే మండే వాయువు. గ్యాస్ తీసే పని మెకానిక్‌కు అప్పగించండి. స్టార్టింగ్ రిలే, ఓవర్‌లోడ్ బిళ్ల అలాగే ఉంచమని చెప్పండి. కంప్రెసర్‌ని ఎప్పుడూ నిలువుగానే ఉంచాలి, ఊదే గొట్టానికి ఆయిల్ పట్టుకునే సీసా పెట్టాలి. లోపలి మోటారును చల్లబరిచేది తిరిగొచ్చే గ్యాసే కాబట్టి అది లేనప్పుడు త్వరగా వేడెక్కుతుంది. అయిదు పది నిమిషాలకోసారి విశ్రాంతి ఇవ్వండి.

*ఏసీ మెకానిక్‌లు వాడే రోటరీ వేన్ పంపు.* నా సలహా ఇదే. సింగిల్ స్టేజ్ కన్నా టూ స్టేజ్ మేలు. టూ స్టేజ్ పంపు డబ్బా మీద 15 లేదా 25 మైక్రాన్లని రాసి ఉంటుంది. అది పంపు మూతి దగ్గర కొలిచిన సంఖ్య. మీ ఛాంబర్‌లో 0.05 నుంచి 0.1 మిల్లీబార్ వస్తే సంతోషించండి. గ్యాస్ బల్లాస్ట్ మీట (పంపులోకి కొద్దిగా గాలి వదిలి, ఆయిల్‌లో చేరిన నీటి ఆవిరిని బయటికి పంపేది) ఉన్నది దొరికితే దాన్నే తీసుకోండి, నీళ్ల ప్రయోగం దగ్గర దాని అవసరం పడుతుంది.

పంపు ఆయిల్ విషయంలో పొదుపు వద్దు. వాక్యూమ్ పంపు ఆయిలే పోయాలి. ఇంజిన్ ఆయిల్‌లో కలిపే రసాయనాలే ఆవిరై మీ శూన్యాన్ని పాడుచేస్తాయి.

3. ఛాంబర్, మూత: ఇక్కడ తొందరపడకండి

20 సెంటీమీటర్ల వ్యాసమున్న మూత మీద గాలి సుమారు 325 కిలోల బరువుతో నొక్కుతుంది. వ్యాసం 30 అయితే అది 730 కిలోలు. మరో సంగతి చాలామందికి తట్టదు: 100 మిల్లీబార్లకు దిగేసరికే ఆ బరువులో 90 శాతం వచ్చేస్తుంది. “నా పంపు చిన్నది, అంత ప్రమాదం ఉండదులే” అనుకోవడానికి లేదు. గాజుకు చిన్న పంపైనా పెద్ద పంపైనా ఒకటే.

*పాత్ర.* మందపాటి స్టీలు గిన్నె తీసుకోండి. దాని గుండ్రటి గోడ బయటి ఒత్తిడిని బాగానే కాస్తుంది. లొంగిపోయేది చదునైన అడుగు. 20 సెంటీమీటర్ల గిన్నెకు అడుగు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. మందపాటి పొరల అడుగున్న గిన్నెలు ఇందుకు బాగుంటాయి. ఒక మిల్లీమీటరు రేకు అడుగైతే మొదటిసారికే టప్పున లోపలికి సొట్టపడుతుంది.

*మూత.* పారదర్శకంగా కావాలంటే అక్రిలిక్ లేదా పాలీకార్బొనేట్. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటే: మందం వ్యాసంలో పదో వంతుకు తగ్గకూడదు. 20 సెంటీమీటర్లకు 20 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల అక్రిలిక్ కూడా ఆగుతుంది కదా అంటారు. ఆగవచ్చు. కానీ దాని మధ్య భాగం మిల్లీమీటరుకు పైగా కిందికి వంగుతుంది, పలక లోపల పుట్టే ఒత్తిడి 20 మిల్లీమీటర్ల మూతతో పోలిస్తే మూడు రెట్లకు చేరువవుతుంది. గీత పడ్డ చోటు నుంచి ఏదో ఒకరోజు పగులు మొదలవుతుంది.

మూతకు రంధ్రం పెట్టకండి. పైపులకు, వైర్లకు రంధ్రాలన్నీ స్టీలు గోడకే పెట్టండి. అక్రిలిక్‌లో రంధ్రం చుట్టూ సన్నటి పగుళ్లు సులువుగా పుడతాయి.

అక్రిలిక్‌ని ఆల్కహాల్‌తో, పాలీకార్బొనేట్‌ని అసిటోన్‌తో తుడవకూడదు. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. నేనొకసారి మూత తళతళలాడాలని స్పిరిట్‌తో తుడిచి వెంటనే పంపు వేశాను. పావుగంటలో మూత అంచు చుట్టూ వెంట్రుకల్లాంటి తెల్ల గీతలు లేచాయి. విరగలేదు కానీ ఆ మూతను మళ్లీ వాడలేదు.

వాడకూడనివి:

- ఊరగాయ జాడీలు, జామ్ సీసాలు, చదునైన అడుగున్న గాజు పాత్రలు
- గీత పడ్డ, అంచు చెక్కిన గాజు ఏదైనా
- పలుచటి ప్లాస్టిక్ డబ్బాలు
- అల్యూమినియం పానీయాల డబ్బాలు (అవి నలిగిపోవడమే ప్రయోగమైతే తప్ప)

వాక్యూమ్ కోసమే చేసిన గాజు బెల్ జార్ దొరికితే వాడుకోవచ్చు, అదీ చుట్టూ వలో పాలీకార్బొనేట్ అడ్డమో పెట్టాకే. లోపలికి పగిలిన గాజు అక్కడే ఆగదు, ఎదురు వైపు నుంచి బయటికి దూసుకొస్తుంది.

4. గాస్కెట్ (మూతకూ గిన్నెకూ మధ్య రబ్బరు రింగు)

గిన్నె అంచు చదునుగా లేకపోతే ఎంత మంచి రబ్బరైనా దండగ. మందపాటి గాజు పలక మీద 220 నంబరు ఎమెరీ పేపరు పరిచి, గిన్నెను బోర్లించి ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. అంచు చుట్టూ ఒకే రకమైన మాట్ మెరుపు రావాలి. మెరవని చోటు ఉందంటే అక్కడ పల్లం ఉన్నట్టే. తర్వాత 400తో నునుపు చేయండి.

4 నుంచి 5 మిల్లీమీటర్ల మందమున్న నైట్రైల్ రబ్బరు షీటు నుంచి రింగు కోసుకోండి. సిలికాన్ మెత్తగా, తేలిగ్గా అతుక్కుంటుంది కానీ గాలి దానిగుండా కొద్దికొద్దిగా చొరబడుతుంది. నీళ్లు మరిగించే స్థాయికి అది చాలు, 0.1 కిందికి దిగాలంటే నైట్రైల్ మేలు.

రింగును ముక్కలు అతికించి చేయకండి. ఒకే షీటు నుంచి ఒకే రింగు రావాలి. అతుకు ఎంత బాగా కుదిరిందనిపించినా లీకు అక్కడే మొదలవుతుంది.

గ్రీజు విషయంలో అందరూ చేసే పొరపాటు ఎక్కువ పూయడం. వాక్యూమ్ గ్రీజు వేలి కొనకు తీసుకుని, రబ్బరు మీద తడి మెరుపు కనిపించేంత రాసి, మిగతాది తుడిచేయండి. ముద్దలుగా ఉంటే దుమ్మును, వెంట్రుకలను పట్టుకుంటుంది. గాస్కెట్ మీద అడ్డంగా పడ్డ ఒక్క తల వెంట్రుక చాలు, సాయంత్రమంతా వృథా అవడానికి.

పారదర్శకమైన మూతతో ఒక సౌకర్యం ఉంది. పంపు వేశాక పైనుంచి చూడండి. రబ్బరు గట్టిగా అతుక్కున్నచోట నల్లగా, తడిసినట్టు కనిపిస్తుంది. అతుక్కోని చోట బూడిదరంగులో ఉంటుంది. ఆ నల్ల పట్టీ ఎక్కడా తెగకుండా చుట్టూ తిరిగిందంటే మూత దగ్గర పని అయిపోయినట్టే.

5. పైపులు, వాల్వులు: శూన్యం దొరికేదీ పోయేదీ ఇక్కడే

పీడనం తగ్గేకొద్దీ గాలి అణువులు ఒకదాన్నొకటి తోసుకోవడం మానేసి, పైపు గోడలకు కొట్టుకుంటూ దారి వెతుక్కుంటాయి. 0.01 మిల్లీబార్ దగ్గర ఒక అణువు సగటున 6 మిల్లీమీటర్లకు పైగా ప్రయాణించాక గానీ ఇంకో అణువును తాకదు. అప్పుడు పైపు ఎంత గాలిని పోనిస్తుందో దాని వ్యాసం ఘనం మీద ఆధారపడుతుంది. వ్యాసం సగమైతే ప్రవాహం ఎనిమిదో వంతు.

లెక్క సులువే. లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో తీసుకుని ఘనం చేసి, 12తో గుణించి, పొడవుతో (సెంటీమీటర్లలో) భాగిస్తే, సెకనుకు ఎన్ని లీటర్లో వస్తుంది. నిమిషానికి 50 లీటర్ల పంపు, అంటే సెకనుకు 0.83 లీటర్లు, తీసుకుని చూడండి:

- 6 మిల్లీమీటర్ల పైపు, మీటరు పొడవు: ఛాంబర్‌కు అందేది పంపు శక్తిలో సుమారు 3 శాతం
- 12 మిల్లీమీటర్లు, మీటరు పొడవు: 20 శాతం
- 25 మిల్లీమీటర్లు, అర మీటరు: 80 శాతం పైన

పంపుతో పాటు వచ్చే ఏసీ గ్యాస్ హోస్ ఆ మొదటి రకం. డబ్బు పెట్టి పెద్ద పంపు కొని, దాన్ని సన్నటి హోస్‌కు తగిలించడం స్ట్రాతో చెరువు తోడినట్టు ఉంటుంది. పంపును ఛాంబర్ పక్కకు జరపండి, పైపు పొట్టిగా, లావుగా పెట్టండి. పంపుకు రెండు మూతులుంటే పెద్దదాన్నే వాడండి.

లోపల స్టీలు తీగ చుట్టిన పీవీసీ పైపు చవకలో బాగా పనిచేస్తుంది, నొక్కుకుపోదు. మామూలు తోట పైపు శూన్యంలో చదునైపోతుంది. గాలి ఒత్తిడి పనుల కోసం చేసిన ప్లాస్టిక్ పుష్ ఫిట్టింగులను నమ్మొద్దు, వాటి సీళ్లు లోపలి నుంచి బయటికి తోసే ఒత్తిడి కోసం చేసినవి. ఇత్తడి ఫిట్టింగులు, హోస్ నాజిల్, రెండు క్లాంపులు మేలు. స్తోమత ఉంటే వాక్యూమ్ పైపులు కలపడానికే చేసిన కేఎఫ్-25 ఫ్లాంజులకు మారండి. వాటికి ఒక ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు), ఒక క్లాంప్ చాలు.

గిన్నె గోడ పలుచన కాబట్టి అందులో థ్రెడ్ కోయలేం. గోడకు రెండువైపులా నట్టుతో బిగుసుకునే ఫిట్టింగ్ వాడి, బయటివైపు ఓ-రింగ్ పెట్టండి. రంధ్రం అంచులోని గరుకును ఆకురాయితో పూర్తిగా తీసేయాలి, లేకపోతే ఓ-రింగ్ కోసుకుపోతుంది.

టెఫ్లాన్ టేపును థ్రెడ్ తిరిగే దిశలోనే, రెండు మూడు చుట్లు, లాగి పట్టుకుని చుట్టండి. ఎదురు దిశలో చుడితే బిగించేటప్పుడు విప్పుకుపోయి, థ్రెడ్ వెంట సన్నటి సొరంగం మిగులుతుంది.

మూడు వాల్వులు తప్పనిసరి:

1. ఛాంబర్‌కూ పంపుకూ మధ్య ఒక బాల్ వాల్వ్
2. ఛాంబర్‌లోకి గాలి వదలడానికి ఒక చిన్న నీడిల్ వాల్వ్
3. పంపు మూతి దగ్గర, బాల్ వాల్వ్‌కు పంపు వైపున, గాలి వదలడానికి ఇంకోటి

మూడోది చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఏమవుతుందో పంపు ఆపే వరుసలో చూస్తారు.

6. గేజ్

ముల్లు తిరిగే మామూలు గేజ్ బయటి గాలితో పోల్చి చూపిస్తుంది. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్నవాళ్లకు గాలి పీడనమే సుమారు 900 మిల్లీబార్లు. అక్కడ ఎంత గొప్ప శూన్యమైనా ముల్లు మైనస్ 675 మిల్లీమీటర్ల (పాదరసపు మట్టం లెక్కలో) దగ్గరే ఆగుతుంది. “760 రావడం లేదు” అని పంపును తిట్టుకోవద్దు. పైగా 10 మిల్లీబార్లకూ 0.1కూ మధ్య తేడా ఈ గేజ్ చూపించలేదు. లీకు భారీగా ఉందా లేదా తెలుసుకోవడానికే అది.

వాతావరణ కొలతలకు వాడే బీఎంపీ 280 లాంటి చిప్పులు 300 మిల్లీబార్ల వరకే నమ్మదగినవి. ఆ కింద అవి చెప్పేదానికి విలువ లేదు.

కొనాల్సింది పిరానీ రకం లేదా ఏసీ మెకానిక్‌లు వాడే డిజిటల్ మైక్రాన్ గేజ్. మొత్తం సిస్టమ్‌లో పంపు తర్వాత డబ్బు పెట్టాల్సింది దీని మీదే. దీన్ని పంపు దగ్గర కాకుండా ఛాంబర్‌కే తగిలించండి. పంపు దగ్గర పెడితే అందంగా కనిపించే సంఖ్య వస్తుంది, ఛాంబర్ సంగతి మాత్రం తెలియదు. ఇది వాయువు వేడిని తీసుకుపోయే తీరును బట్టి కొలుస్తుంది కాబట్టి గాలి కాకుండా ఆర్గాన్ లాంటిది నింపితే రీడింగ్ తప్పుతుంది. ఆయిల్ లోపలికి కారకుండా నిలువుగా, మూతి కిందికి ఉండేలా బిగించండి.

7. బిగించే వరుస

ఒకేసారి అన్నీ బిగించి పంపు వేయడమే అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు. లీకు ఎక్కడుందో తెలియక అన్నీ విప్పాల్సి వస్తుంది.

1. పంపు మూతికి నేరుగా గేజ్ పెట్టి నడపండి. పది నిమిషాల తర్వాతి సంఖ్య రాసుకోండి. ఇదే మీ పంపు సత్తా.
2. పైపు, బాల్ వాల్వ్ కలిపి, వాల్వ్ తెరిచి ఉంచి, చివర గేజ్‌తో మళ్లీ చూడండి.
3. ఛాంబర్ గోడ ఫిట్టింగులన్నీ బిగించండి.
4. ఖాళీ ఛాంబర్‌కు మూత పెట్టండి. లోపల ఏమీ ఉండకూడదు.
5. చివరగా వైర్లు, స్టాండు, ప్రయోగ వస్తువులు.

లోపలికి వెళ్లే ప్రతి భాగాన్నీ సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, తర్వాత చేతి తొడుగులతోనే ముట్టుకోండి. వేలిముద్రలోని జిడ్డు గంటల తరబడి ఆవిరి వదులుతూనే ఉంటుంది.

8. మొదటిసారి నడపడం

మొదటి మూడుసార్లు ఛాంబర్ మీద మందపాటి దుప్పటి కప్పి, రెండు మీటర్ల దూరంలో నిలబడండి. కళ్లకు రక్షణ అద్దాలు ఎప్పుడూ ఉండాలి.

- ఆయిల్ మట్టం గీతల మధ్య ఉందా?
- పంపు ఊదే మూతి తెరిచి ఉందా? గది కిటికీ తీశారా?
- గాలి వదిలే వాల్వులు రెండూ మూశారా?
- మూతలో పగులు, గీత ఉన్నాయా? వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి.

పంపు వేసి, బాల్ వాల్వ్ మెల్లగా తెరిచి, మూతను రెండు చేతులతో నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకోండి. అది అతుక్కున్నాక దుప్పటి కప్పి దూరం జరగండి.

ఇక చెవులకు పని చెప్పండి. మొదట పంపు గరగరమంటుంది, ఊదే మూతి నుంచి సన్నటి ఆయిల్ పొగ వస్తుంది. అరనిమిషంలో గరగర తగ్గుతుంది. ఇంకాసేపటికి పొడిగా టకటక చప్పుడు మొదలవుతుంది. ఆ టకటక వినిపిస్తే గాలి దాదాపు అయిపోయినట్టు. రెండు నిమిషాలైనా గరగర పోకపోతే గేజ్ చూడనక్కర్లేదు, పెద్ద లీకు ఉంది.

ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోవచ్చు. 5 లీటర్ల ఛాంబర్, నిమిషానికి 50 లీటర్ల పంపు అయితే 1 మిల్లీబార్‌కు లెక్క ప్రకారం 40 సెకన్లు. నిజంలో రెండు మూడు రెట్లు పడుతుంది. పది నిమిషాలకూ రాకపోతే తర్వాతి భాగం మీకోసమే.

9. లీకు వేట

ముందు అది లీకా, లేక లోపలి తేమా అన్నది తేల్చాలి. ఛాంబర్‌ని వీలైనంత దించి, బాల్ వాల్వ్ మూసి, నిమిషానికోసారి గేజ్ రీడింగ్ రాయండి. పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టండి.

ప్రతి నిమిషానికీ ఒకేలా పెరుగుతూ పోతే లీకు. మొదట గబగబా పెరిగి క్రమంగా నెమ్మదిస్తే తేమ, జిడ్డు, రబ్బరు వదిలే ఆవిరి. రెండోదానికి మందు ఇంకాసేపు పంపు నడపడమే. రాత్రంతా పొడి గాలితో మూసి ఉంచి, మర్నాడు మళ్లీ చూస్తే తేడా తెలుస్తుంది.

లీకు ఎంతో కూడా తెలుసుకోవచ్చు. 5 లీటర్ల ఛాంబర్‌లో పది నిమిషాల్లో 0.1 నుంచి 0.7కు పెరిగిందనుకోండి. పెరిగింది 0.6. దాన్ని 5తో గుణించి 600 సెకన్లతో భాగిస్తే, సెకనుకు 0.005 మిల్లీబార్-లీటర్లు. పైన చెప్పిన 25 మిల్లీమీటర్ల పైపుతో అయితే ఇంత లీకున్నా 0.01 పరిసరాలకు దిగొచ్చు, పంపుకు ఆ సత్తా ఉంటే. అదే లీకు, అదే పంపు, 6 మిల్లీమీటర్ల పైపు అయితే 0.1 పైనే ఆగిపోతుంది. మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

లీకు చోటు పట్టుకోవడానికి:

- పంపు నడుస్తుండగా ఒక్కో అతుకు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి గేజ్ చూడండి. సంఖ్య ఒక్కసారిగా ఎగిరినా పడినా దొంగ దొరికినట్టే. లోహపు అతుకుల మీదే వేయండి, అక్రిలిక్ దగ్గరికి పోనివ్వకండి. మంట, హై వోల్టేజీ దగ్గర్లో ఉండకూడదు.
- పైనుంచి మొదలుపెట్టకండి. ఆల్కహాల్ కిందికి కారి, ఆవిరి పక్క అతుకులకు పాకి తప్పుదారి పట్టిస్తుంది. కింది అతుకు నుంచి పైకి, ఒక్కోదానికి అరనిమిషం ఆగుతూ వెళ్లండి.
- అనుమానమున్న ఫిట్టింగ్‌ను తీసి, ఆ రంధ్రాన్ని రబ్బరు బిళ్లతో మూసి మళ్లీ చూడండి. విసుగ్గా ఉంటుంది కానీ ఎప్పుడూ తప్పు చెప్పదు.

అన్ని అతుకులూ బాగున్నా లీకులా కనిపించేది ఇంకోటుంది. లోపల అవతలివైపు తెరుచుకోని రంధ్రంలో స్క్రూ బిగిస్తే, దాని అడుగున చిక్కుకున్న గాలి థ్రెడ్ వెంట గంటల తరబడి కారుతుంది. స్క్రూ పొడవునా ఆకురాయితో చిన్న గాడి తీస్తే సరి. ఇది తెలియక నేను రెండు రోజులు బయటి అతుకులన్నీ విప్పి బిగించుకుంటూ కూర్చున్నాను. దోషి లోపలి స్టాండులోని ఒక్క స్క్రూ.

దొరికిన లీకు మీద ఎంసీల్ లాంటి ముద్దలు పామకండి. విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించండి. ముద్ద కింద లీకు దారి మార్చుకుంటుందే తప్ప పోదు.

10. ప్రయోగాలకు ముందు నాలుగు మాటలు

*నీరు మరిగించడం.* ఒక్క మిల్లీలీటరు నీరు 1 మిల్లీబార్ దగ్గర సుమారు 1350 లీటర్ల ఆవిరి అవుతుంది. 50 లీటర్ల పంపుకు అది దాదాపు అరగంట పని. ఆ ఆవిరంతా ఆయిల్‌లో కలిసి పాలలా తెల్లబడుతుంది. కాబట్టి రెండు మూడు మిల్లీలీటర్లే పెట్టండి. తర్వాత ఛాంబర్ వాల్వ్ మూసి, గ్యాస్ బల్లాస్ట్ తెరిచి, పంపును అరగంట ఊరికే నడపండి. అప్పటికీ ఆయిల్ తెల్లగానే ఉంటే మార్చేయండి.

*గంట శబ్దం.* లోపలి గంటను గట్టి స్టాండు మీద పెడితే, గాలి లేకపోయినా శబ్దం స్టాండు వెంట బయటికొస్తుంది. సన్నటి రబ్బరు బ్యాండ్లతో వేలాడదీయండి.

*లోపల పెట్టకూడనివి.* లిథియం బ్యాటరీలు, ఫోన్లు, గట్టిగా మూసిన సీసాలు, స్పాంజి, చెక్క. మొదటి మూడూ ఉబ్బవచ్చు, పగలవచ్చు. చివరి రెండూ రోజంతా తేమ కక్కుతాయి.

*వెలుగు ప్రయోగం.* గాలిలో విద్యుత్ దూకడానికి కావాల్సిన కనీస వోల్టేజీ సుమారు 330. అదీ పీడనాన్ని ఎలక్ట్రోడ్ల మధ్య దూరంతో గుణిస్తే 0.75 మిల్లీబార్-సెంటీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు. అంతకన్నా ఎక్కువ శూన్యంలో వెలుగు రావడం కష్టమవుతుంది, తేలిక కాదు. వెలుగు రాలేదని వోల్టేజీ పెంచకండి, నీడిల్ వాల్వ్‌తో కొంచెం గాలి వదిలి చూడండి. గోడ గుండా కరెంటు పంపడానికి పాత స్పార్క్ ప్లగ్ చక్కగా కుదురుతుంది.

ఈ ప్రయోగానికి కొన్ని మిల్లీ ఆంపియర్లు మించని సప్లై, వరుసలో రెసిస్టర్, స్టీలు గిన్నెకు ఎర్త్ ఉండాలి. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఏ కారణంతోనూ ముట్టుకోవద్దు, ఒక్క షాక్ చాలు ప్రాణం పోవడానికి. నియాన్ బోర్డు ట్రాన్స్‌ఫార్మర్ కూడా తక్కువదేం కాదు. హై వోల్టేజీ అలవాటు లేనివాళ్లు ఈ ప్రయోగం వదిలేసి మిగతావి చేసుకోండి. వోల్టేజీని వేలల్లోకి పెంచుకుంటూ పోతే ఎక్స్-కిరణాల బెడద కూడా మొదలవుతుంది.

11. ఆపే వరుస

పంపు ఆగాక దాని మూతి దగ్గర శూన్యం మిగిలితే, బయటి గాలి ఆయిల్‌ను వెనక్కి తోసి పైపులోకి, అక్కడి నుంచి ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంది. మూడో వాల్వ్ అందుకే.

1. హై వోల్టేజీ ఉంటే ముందు అది ఆపి, ప్లగ్ పీకేయండి.
2. ఛాంబర్ బాల్ వాల్వ్ మూయండి.
3. పంపు ఆపండి.
4. వెంటనే పంపు వైపు వాల్వ్ తెరిచి గాలి వదలండి.
5. నీడిల్ వాల్వ్‌తో ఛాంబర్‌లోకి గాలి మెల్లగా పోనివ్వండి. ఒక్కసారిగా తెరిస్తే లోపలి తేలికపాటి వస్తువులు ఎగిరి మూతకు తగులుతాయి.
6. ముల్లు సున్నాకు వచ్చాకే మూత ఎత్తండి. రాకపోతే స్క్రూడ్రైవర్‌తో ఎత్తే ప్రయత్నం వద్దు, లోపల ఇంకా శూన్యం ఉంది.
7. పంపు మూతికి బిరడా పెట్టి, ఆ రోజు అందుకున్న కనిష్ఠ పీడనం, పట్టిన సమయం, ఆయిల్ రంగు నోటుబుక్కులో రాసి తేదీ వేయండి. వచ్చేసారి రీడింగ్ దిగనప్పుడు మొదట తెరవాల్సింది ఆ పేజీ.